నవాబు పోయాక బేరగాళ్ళు వచ్చారు

1856 మే నెలలో అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరాడు. అంతకు మూడు నెలల ముందే ఈస్టిండియా కంపెనీ ఆయన రాజ్యాన్ని కలిపేసుకుంది. ఏడాదికి 12 లక్షల రూపాయల పింఛనుతో ఆయన హుగ్లీ ఒడ్డున మెటియాబ్రుజ్‌లో కాపురం పెట్టాడు. ఆ పేరుకు మట్టి బురుజు అని అర్థం. ఇమాంబాడా కట్టించాడు, జంతుశాల పెట్టాడు. ఆయన వెంట వంటవాళ్ళు, పాటగాళ్ళు, గాలిపటాల వాళ్ళు, దర్జీలు తరలివచ్చారు.

1887లో ఆయన కన్నుమూయగానే ఆ కొలువు చెదిరిపోయింది. కుట్టుపని మాత్రం మిగిలింది. మెటియాబ్రుజ్ జనం తమ సూదిపని మూలాలు నవాబు కొలువులోనే ఉన్నాయని చెప్పుకుంటారు. అయితే ఈ వృత్తిని ఇంతగా పెంచినవాళ్ళలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల బెంగాలీ ముస్లింలే. రాజుగారి అంగరఖా కుట్టిన చోట ఇప్పుడు పిల్లల గౌన్లు, చొక్కాలు, జీన్సు ప్యాంట్లు తయారవుతున్నాయి. ఒక్క పోషకుడి మెప్పు సంపాదిస్తే చాలనుకునే రోజులు పోయి, ముక్కూ మొహం తెలియని వేలమంది బేరగాళ్ళను మెప్పించాల్సిన రోజులు వచ్చాయి.

ఇక్కడ యజమానిని ‘ఒస్తాగర్’ అంటారు, కుట్టే చోటును ‘దలీజ్’ అంటారు. చాలా దలీజ్‌లు ఇంటిని ఆనుకుని ఉండే గదులే. కొత్తగా చేరిన కుర్రాడి చేతికి మొదట మిషను రాదు. వేలాడే దారాలు కత్తిరించాలి, గుండీలు అందించాలి, కుట్టినవి మడతపెట్టాలి. తర్వాత తిన్నటి కుట్లు, ఆపైన చేతులు, కాలరు. బట్ట మీద సుద్దతో గీసి కత్తెర పట్టే హోదా రావాలంటే ఏళ్ళు పడతాయి. ఒక్క గీత తప్పితే పొరలు పొరలుగా పేర్చిన బట్టంతా పాడవుతుంది మరి.

కూలి లెక్క ‘ఫురన్’, అంటే పీసుకింత. ఎన్ని కుడితే అంత.

పక్కనే ఉన్న గార్డెన్ రీచ్‌లో ఉద్యోగ జీవితం ఇంకో రకంగా మొదలవుతుంది. ఒకప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వే, నేటి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. 2003 దాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది కాబట్టి ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ పేరు బాగా తెలుసు. రైల్వేలో చేరినవాడికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. దలీజ్‌లో చేరినవాడికి ఆ వారం లెక్క తేలితేనే చేతికి డబ్బు వస్తుంది.

ఆ వారానికి గడువు పెట్టేది సంత. మెటియాబ్రుజ్ హాట్ శని, ఆదివారాల్లో సాగుతుంది. మంగళవారం హావ్‌డాలో మంగళా హాట్. బీహార్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాల నుంచి వ్యాపారులు వస్తారు. శనివారానికి మూట సిద్ధం కాకపోతే ఆ వారం కష్టం అరల్లోనే ఉండిపోతుంది. ఈద్, దుర్గా పూజ దగ్గరపడితే మిషన్లు అర్ధరాత్రి దాటినా ఆగవు. నడుం పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి. ఇళ్ళలో గుండీలు కుట్టే ఆడవాళ్ళకు దక్కే కూలి ఇంకా తక్కువ. పండగ వెళ్ళాక పని లేని వారాలూ వస్తాయి, అప్పుడు ఫురన్ కూలి సున్నా. ఊరూరికీ బట్టలు కుట్టిపెట్టే చేతులకు ఇంత తక్కువ భరోసా ఉండడం అన్యాయం.

సంతలోనే కుర్రాడు తన పనిని బేరగాడి కళ్ళతో చూస్తాడు. వచ్చినవాడు చొక్కా తిరగేసి, చంక దగ్గర కుట్టును రెండు బొటనవేళ్ళతో సాగదీస్తాడు. కుట్టు విచ్చుకుంటే ఆ ఒక్క చొక్కాతో ఆగదు, మూట మొత్తానికి ధర పడిపోతుంది. నిలబడితే డజన్ల లెక్కన బేరం మొదలవుతుంది. ఈసారి జేబు కాస్త పెద్దది పెట్టు, ఆ రంగు మా ఊళ్ళో పోదు అని చెప్పి వెళ్తాడు. ఒస్తాగర్ తలూపుతాడు. ఆ జేబు కొలత సోమవారం కత్తిరింపు బల్ల మీద సుద్దగీతగా మారుతుంది.