ఇంటిల్లిపాదీ నేర్చుకునే బడి: మన బొగ్గు నేల మీద అంగన్‌వాడీ యాభై ఏళ్లు

అంగన్‌వాడీకి యాభై ఏళ్లు నిండాయి. 1975 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. అప్పుడు పెట్టిన కేంద్రాలు 4,891. ఆ నాటికి మన బొగ్గు బెల్టులో బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలై ఆరేళ్లే. అవతల గోదావరిఖనిలో ఒక్కో బొగ్గుబాయీ తెరుచుకుంటోంది. ఊళ్లకు ఊళ్లు వదిలి వచ్చిన జనం క్వార్టర్లలో, గుడిసెల్లో, రేకుల షెడ్లలో కాపురాలు పెట్టుకుంటున్నారు. అవ్వా తాతలను ఊళ్లోనే ఉంచి వచ్చిన జంటలే ఎక్కువ. అలాంటి నేల మీద అంగన్‌వాడీకి ఉన్న విలువ వేరు.

పథకం కాగితంలో ఆరు సేవలు రాశారు: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, పిల్లలకు బడికి ముందు చదువు, తల్లులకు ఆరోగ్య పోషణ విద్య. జనం నోట మిగిలింది మొదటిదే. అంగన్‌వాడీ అంటే గుడ్లు, పాలు, బాలామృతం. ఆ తిండి లేకపోతే ఎంత మంది పిల్లలు దెబ్బతినేవారో నాకు తెలుసు, దాన్ని చిన్నబుచ్చను. కానీ నా దృష్టిలో ఈ సంస్థ అసలు గొప్పతనం చివరి రెంటిలో ఉంది. పిల్లవాడితో పాటు తల్లినీ, నాయినమ్మనూ కూచోబెట్టి నేర్పే బడి మన ప్రభుత్వాలు పెట్టినవాటిలో ఇదొక్కటే.

ఇది ఢిల్లీ దఫ్తరులో ఒక్కనాడు పుట్టిన ఆలోచన కాదు. మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో 1945లో తారాబాయి మోదక్ గ్రామ బాల శిక్షా కేంద్రం పెట్టారు. బడి తెరిచినా పేద పిల్లలు రావడం లేదని చూసి, ఆమె బడినే వాళ్ల వాకిళ్లకు తీసుకుపోయారు. శిష్యురాలు అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్‌బాడ్ కొండ మీద పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలులోనే పాఠం చెప్పారు. కొమ్మలు, గవ్వలు, గింజలు, ఆకులే ఆ బడి సామాన్లు. మన తెలుగింటి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక, ఆ బోర్డు చలవతో పల్లెల్లో బాల్వాడీలు వెలిశాయి. మహిళా మండలి ఇల్లే వాటికి గూడు. అంగన్‌వాడీ తారాబాయి, దుర్గాబాయి అనే ఆ ఇద్దరు తల్లుల వారసత్వం.

తొలి 33 ప్రాజెక్టుల్లో అనంతపురం జిల్లా కంబదూరుతో పాటు మనకు ఉత్తరాన ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు కూడా ఉంది. ఉట్నూరు పేరు వింటే నాకు అంతకు ముందరి ఇంకో కథ గుర్తొస్తుంది. 1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, నిజాం సర్కారు గోండుల గోస తెలుసుకొమ్మని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యనే కాపురం పెట్టారు. 1943లో అక్కడ గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు భాషలోనే వాచకాలు తయారుచేశారు. పిల్ల ఇంట్లో మాట్లాడే మాటతోనే చదువు మొదలుకావాలన్న సంగతి మన పక్క అడవిలో ఎనభై ఏళ్ల కిందటే ఆచరణలోకి వచ్చిందన్నమాట. తర్వాత అది మరుగున పడిపోయింది. మళ్లీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండు, కోయ, కొలామీ, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన చేపట్టేదాకా ఆగాల్సి వచ్చింది.

మన బెల్టులో అంగన్‌వాడీ ఎందుకు నిలదొక్కుకుందో తెలియాలంటే షిఫ్టుల బతుకు తెలియాలి. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి పొద్దున తొమ్మిదింటికి కళ్లు మూస్తాడు. రెండు గదుల క్వార్టరులో మూడేళ్ల పిల్ల గిన్నె మీద గరిటెతో కొడితే ఆయన నిద్ర పాడవుతుంది. నిద్ర పాడైన మనిషి రాత్రి మళ్లీ బాయిలోకి దిగాలి, లేదా బట్టీ దగ్గర నిలబడాలి. తల్లి పిల్ల నోరు మూయిస్తూ పొద్దంతా గడపాలి. ఆ పిల్లకు గట్టిగా పాడే చోటు, పరుగెత్తే చోటు ఇచ్చింది అంగన్‌వాడీ. గనుల్లో ఆడవాళ్లు పనిచేసే చోట శిశుగృహం ఉండాలని 1966లోనే నియమాలు వచ్చాయి, నిజమే. కానీ భూగర్భంలో ఆడవాళ్ల పనిని అప్పటి చట్టం ఆపింది. కార్మికుడి భార్యకు, కూలికి పోయే కాంట్రాక్టు మనిషి పెళ్లానికి ఆ శిశుగృహంతో సంబంధమే లేదు. వాళ్లకు దక్కింది అంగన్‌వాడీయే.

నెలనెలా బరువులు తూచే రోజున కేంద్రంలో ఒక గంట కూచుంటే ఈ బడి ఎలా నడుస్తుందో కళ్లకు కడుతుంది. దూలానికి త్రాసు వేలాడుతుంది. దాని కొక్కేనికి తగిలించిన గుడ్డ తొట్టిలో పిల్లవాణ్ని కూచోబెడతారు. వాడు కాళ్లు తన్నుకుంటాడు, ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. నాయినమ్మ ఎదురుగా నిలబడి గాజులు గలగలలాడిస్తుంది. వాడు ఒక్క క్షణం ఏడుపు ఆపి గాజుల వైపు చూస్తాడు. ఆ క్షణంలోనే టీచర్ అంకె పట్టుకుంటుంది. 2008 నుంచి వాడుకలోకి వచ్చిన కొత్త చార్టులు ఆడపిల్లకు గులాబీ రంగు, మగపిల్లాడికి నీలం రంగు. అందులో ఈ నెల చుక్క పెట్టి, కిందటి నెల చుక్కకు కలుపుతూ గీత గీస్తుంది. గీత పైకి పోవాలి. అడ్డంగా పడుకుంటే అక్కడి నుంచి మాటలు మొదలు.

“అవ్వా, ఈ నెల పోరడు పెరగనే లేదు. పొద్దుగాల ఏం పెడుతున్నవ్?”

“ఏముంది బిడ్డా, చాయ్‌ల బిస్కెట్ ముంచి పెడుతున్న. మంచిగనే తింటుండు.”

“చాయ్ ఆకలి సంపుతది అవ్వా. గందుకే అన్నం ముట్టుతలేడు. వారం దినాలు చాయ్ బంద్ పెట్టి సూడు. బాలామృతం కలిపి పెట్టు, లేకుంటే పప్పన్నంల ఇంత నూనె ఎయ్యి.”

ఈ నాలుగు మాటలు ఆసుపత్రిలో డాక్టరు చెబితే అవ్వ తల ఊపి వచ్చేస్తుంది. ఇక్కడ గీత ఆమె కళ్ల ముందుంది. వచ్చే నెల మళ్లీ అదే త్రాసు, అదే చార్టు. అక్షరం రాని మనిషి ఆ గీత చూసి మనవడి ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పగలుగుతుంది. అప్పటికే పక్కన కూచున్న నలుగురు తల్లులు తమ ఇంట్లో చాయ్ బిస్కెట్ లెక్క మనసులో వేసుకుంటుంటారు. పాఠం అంటే ఇదేనని నా నమ్మకం. ఇప్పుడు తూకాలన్నీ పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కుతున్నాయి. లెక్కలకు అది మంచిదే, కానీ గీతను తల్లి చేతికి ఇవ్వడం ఆగకూడదు.

తిండి సంగతికి వస్తే, అది కొట్లాడి తెచ్చుకున్న హక్కు. పౌర హక్కుల ప్రజా సంఘం వేసిన ఆహార హక్కు కేసులో 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సేవలు ప్రతి పిల్లకూ అందాలని ఆదేశించింది. 2006 డిసెంబర్ 13 తీర్పులో దేశంలో 14 లక్షల కేంద్రాలు ఉండాలంది. తెలంగాణ వచ్చాక 2015 జనవరి 1న ఆరోగ్య లక్ష్మి మొదలై, గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కేంద్రంలోనే వడ్డించారు. ఇంటికి పట్టుకుపోతే ఆ గుడ్డు మగవాళ్ల కంచంలోకో, పెద్దపిల్లల కంచంలోకో పోతుంది. అందరూ వరసగా కూచుని తినడంలో కోడలు సిగ్గు పడకుండా కడుపు నిండా తింటుంది.

ఈ సంస్థ మన ఆచారాల్లోకి ఎలా నడిచి వచ్చిందన్నదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. 2018లో పోషణ్ అభియాన్ వచ్చాక, అంగన్‌వాడీల్లో సీమంతాలు, అన్నప్రాసనలు జరపడం పద్ధతిగా మారింది. గర్భిణికి బొట్టు పెట్టి, తలలో పూలు తురిమి, గాజులు తొడిగి, ఒళ్లో ఆకుకూరలు, పండ్లు, బెల్లం, పల్లీలు, గుడ్లు పోస్తారు. పుట్టింటివాళ్లు దూరాన ఉన్న కాలనీ కోడలికి టీచర్, ఆయా, వాడకట్టు ఆడవాళ్లే పుట్టింటివాళ్లవుతారు. ముత్తైదువలు పాటలు అందుకుంటారు. ఆ సందడిలోనే ఐరన్ గోళీలు ఎప్పుడు వేసుకోవాలో, కాన్పు ఎక్కడ చేయించుకోవాలో మాటల్లో దొర్లుతుంది. మీటింగు అని పిలిస్తే రాని అత్తగారు సీమంతమని పిలిస్తే పట్టుచీర కట్టుకొని వస్తుంది. కోడలికి గుడ్డు పెట్టాలా వద్దా అని ఇంట్లో తేల్చేది ఆమే కాబట్టి, ఆమె రావడం అన్నిటికన్నా ముఖ్యం. అన్నప్రాసన కూడా అంతే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, గుక్కెడు నీళ్లు కూడా అక్కర్లేదు, నిండాక మాత్రం ఆలస్యం చేయవద్దు అన్న వైద్యశాస్త్రం మాటను ఆ వేడుక ఇంటింటికీ మోసుకుపోయింది.

ఈ దారిలో ఇంకా చాలా దూరం పోవచ్చు. పోషణ మాసం సెప్టెంబర్‌లో వస్తుంది. బతుకమ్మ కన్నా ముందు మన ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మ కూడా ఇంచుమించు అదే కాలం. పుట్టమన్ను తెచ్చి మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను కడతారు. కింద పెద్ద మెట్టు, దాని మీద చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. పెద్దదీ చిన్నదీ వరస పెట్టడం పిల్లకు చేతికొస్తుంది. తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, బంతి ఒక వరస పెడితే రంగులు వచ్చేస్తాయి. చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగితే అడుగు, తాళం కుదురుతాయి. ఓనగుంటల ఆటలో గింజలు ఒక్కొక్కటే వదులుతూ పోతే లెక్క వస్తుంది, తన వంతు వచ్చేదాకా ఆగడం కూడా వస్తుంది. (మూడేళ్లలోపు వాళ్ల చేతికి చింతగింజలు ఇవ్వకూడదు, నోట్లో పెట్టుకుంటారు.) పూర్వప్రాథమిక విద్యకు ప్రత్యేక కిట్లు వస్తున్నాయి, ప్లాస్టిక్ దిమ్మెలు వస్తున్నాయి. ఉండనివ్వండి. కానీ బొడ్డెమ్మ పాటలు వచ్చిన అవ్వ కేంద్రం గోడ పక్కనే అరుగు మీద కూచుని ఉంటే, ఆమెను లోపలికి పిలవకపోవడం మనకే నష్టం.

ప్రపంచంలో అలా పిలిచినవాళ్లున్నారు. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవుల్లో చెరకు తోటల కోసం చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ నుంచి కూలీలను దించారు. 1893లో అక్కడి రాణిని గద్దె దించారు. 1896లో బడుల్లో ఇంగ్లిష్ తప్ప వేరే మాధ్యమం లేకుండా చట్టం తెచ్చారు. 1980ల మొదటికి హవాయి భాష మాట్లాడే పిల్లలు యాభై మంది కూడా మిగల్లేదంటారు. అప్పుడు కొందరు తల్లిదండ్రులు, పంతుళ్లు పూనుకొని 1983లో పునానా లియో సంస్థ పెట్టారు. మరుసటేడు కవాయి దీవిలో తొలి శిశు పాఠశాల తెరిచారు. అందులో తల్లిదండ్రులు కూడా భాష నేర్చుకోవాలి, బడి పనిలో చేయి వేయాలి. 2001లో టుటు అండ్ మీ అనే సంచార బాలబడి వచ్చింది. ఊరూరా తిరుగుతూ, వారంలో కొన్ని పొద్దుల్లో ఊరి హాలులో చాపలు పరుస్తుంది. పిల్ల ఒక్కతే రాదు, పెంచుతున్న అవ్వో తాతో వెంట కూచోవాలి. ఆ దీవుల్లో పిల్లలను సాకేది చాలా ఇళ్లలో అవ్వా తాతలే కాబట్టి, ఆ బడి వాళ్లకు కూడా. అక్కడ పిల్లలకు చేమ మొక్క పెట్టడం, నీళ్లు పోయడం నేర్పుతారు. చేమను తమ జాతికి అన్నగా చెప్పుకునే పురాణం వాళ్లది. మన చేమగడ్డే అది.

వాళ్లు అంతా పోగొట్టుకున్నాక మొదలుపెట్టారు. మన దగ్గర ఇంకా అవ్వ ఉంది, పాట ఉంది. రాష్ట్రంలో 35 వేలకు పైగా కేంద్రాలు కూడా ఉన్నాయి. 2024లో కేంద్ర ప్రభుత్వం మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆధారశిల, అంతకన్నా చిన్నవాళ్లకు నవచేతన అనే పాఠ్య ప్రణాళికలు తెచ్చింది. నవచేతన అంతా ఇంట్లో బిడ్డతో ఎలా మాట్లాడాలి, ఎలా ఆడించాలి అన్నదే. అది మన అవ్వలకు కొత్త కాదు. లాల పోస్తూ, కాళ్ల మీద పడుకోబెట్టి ఊపుతూ, చందమామను చూపిస్తూ చేసిందే. వాళ్లనే గురువులుగా పెట్టుకుంటే కొత్త తల్లులకు వేరే శిక్షణ తరగతి అక్కర్లేదు. నెలకోసారి తల్లిదండ్రులను పిలిచే ఈసీసీఈ (బడికి ముందు చదువు) రోజున పిల్లల ఆటపాటలు చూపించి పంపేస్తున్నారు. ఆ రోజు ఒక అవ్వ కథ చెప్పాలి, ఒక తాత తాటాకుతో బూర చేసి చూపించాలి. ఫస్ట్ షిఫ్టు తండ్రులకూ వీలు కావాలంటే మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టుకోవాలి.

ఇదంతా ఎవరి భుజాల మీద నడుస్తోందో చెప్పకుండా స్వర్ణోత్సవం చేసుకోవడం న్యాయం కాదు. 1975లో మెట్రిక్ చదివిన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, చదవనివారికి 100 ఇచ్చారు. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. 2021 పెంపు తర్వాత తెలంగాణలో టీచర్‌కు 13,650, ఆయాకు 7,800. మధ్యలో ఎన్ని ధర్నాలు, ఎన్ని సమ్మెలు! 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు గ్రాట్యుటీకి హక్కుదారులేనని తీర్పు చెప్పింది. ఓటరు జాబితా, సర్వే, జనాభా లెక్క, ఏ పని వచ్చినా వీళ్ల మీదే పడుతుంది. ఆ పనుల్లో సగం తీసేస్తే పిల్లలతో కూచునే సమయం దానంతట అదే దొరుకుతుంది.

మన బెల్టుకు మిగిలిన పెద్ద పని ఇంకొకటుంది. ఇప్పుడు సిమెంటు ప్యాకింగ్, లోడింగ్ పనులకు, ఓపెన్ కాస్టుల్లో కాంట్రాక్టు పనులకు ఛత్తీస్‌గఢ్, ఒడిశా, బిహార్ నుంచి కుటుంబాలు వస్తున్నాయి. వాళ్ల పిల్లలు రోడ్డు పక్క రేకుల షెడ్ల దగ్గర, లారీల మధ్య ఆడుకుంటున్నారు. కేంద్రానికి వచ్చినా టీచర్ మాట వాళ్లకు తెలియదు, వాళ్ల మాట టీచర్‌కు తెలియదు. ఆ తల్లుల్లో ఒకరిని వారానికి రెండు రోజులు పాట పాడమని పిలిస్తే సగం భయం పోతుంది. మార్లవాయిలో చేసింది ఇదే. ఇక కేంద్రమే లేని బస్తీల సంగతి: ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న జనావాసంలో అంగన్‌వాడీ లేకపోతే, అక్కడివాళ్లు అడిగిన మూడు నెలల్లోగా ఇవ్వాలని 2006 తీర్పులోనే ఉంది. అడగాల్సింది ఆ తల్లులే. దరఖాస్తు తెలుగులో రాసిపెట్టే పని మాత్రం మనం చేయాలి. ఈ సంచిక అందుకున్న ప్రతి మహిళా సంఘం, ప్రతి కార్మిక సంఘం తమ పక్క బస్తీలో పిల్లల లెక్క తీసి, తల్లుల సంతకాలతో, వేలిముద్రలతో ఒక్కో దరఖాస్తు ప్రాజెక్టు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలని నా విన్నపం.