కోత మిషనుకి ఎడమ చెయ్యి ఎవరిచ్చారు?

ఆ మధ్య ఓ డిసెంబర్లో మా ఆవిడనీ పిల్లాణ్ణీ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి తిరిగొస్తూ, టీ తాగుదామని బెంగుళూరు హైవే పక్కన ఆగాను. టీ కొట్టు ముందు ఒక లారీ, దాని మీద వరికోత మిషను. మిషను ముందుండే నోరు లాంటి భాగాన్ని విప్పేసి విడిగా ట్రాలీ మీద కట్టారు. డ్రైవరు కింద గోనెపట్టా పరుచుకుని, బారెడు పొడవున్న ఇనప పట్టీకి బ్లేడులు మారుస్తున్నాడు. లూధియానా వైపు మనిషట. పంజాబ్ నుంచి ఢిల్లీ, నాగపూర్, హైదరాబాద్ మీదుగా ఇటు బెంగుళూరు దాకా ఒకటే రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి. పంట ఎక్కడ పండితే అక్కడికి మిషనుతో ఆ రోడ్డు మీదే దిగుతూ పోతాడు.

ఊరికే ఉండలేక, బ్లేడులు పోయాయా భాయ్ అనడిగాను. అతను నవ్వి, పక్కనున్న విరిగిన ఇనప ముక్క ఒకటి చేతికిచ్చాడు. మొనదేలిన వేలులా ఉంది. హిందీలో అతను చెప్పిన దాని సారాంశం ఇదీ: బ్లేడు అరిగినా ఏదోలా నెట్టుకురావచ్చు, ఈ వేలు విరిగితే మాత్రం అక్కడ కోత ఉండదు, పీకుడే.

పదిహేనేళ్లుగా కోడు రాసుకుంటూ బతుకుతున్న నాకు ఆ మాట బుర్రలో దూరి కూర్చుంది. కోత అంటే కత్తి గొప్పతనమే అనుకునేవాణ్ణి మరి. తర్వాత కొన్ని వారాలు దొరికిందల్లా చదివాక తెలిసిందేంటంటే, కోత యంత్రాల చరిత్రలో సగం కత్తిది కాదు, ఆ వేలుది.

మా నాయనమ్మ ఎడమ చేతి చిటికెన వేలి మీద ఒక మచ్చ ఉంటుంది. కొడవలి తగిలిన మచ్చ. శంషాబాద్ అవతల మా ఊళ్లో వరి కోసిన ఆడవాళ్లు చాలామందికి అక్కడే ఉంటుంది. ఎందుకంటారా? కుడి చెయ్యి కొడవలి లాగుతుంటే, ఎడమ చెయ్యి నాలుగైదు దుబ్బులు కలిపి పిడికిట్లో పడుతుంది. పట్టుకోకపోతే వరి తెగదు, వంగుతుంది. అంటే కోతలో రెండు పనులున్నాయి, కొయ్యడం ఒకటి, పట్టుకోవడం ఒకటి. ఎవరూ పట్టుకోకుండా కొయ్యాలంటే కత్తి బోలెడంత వేగంగా రావాలి, మొక్క వంగేలోపే తెగిపోవాలి. యూరప్ వాళ్ల పొడుగు కర్ర కొడవలి అలాంటిదే. మన అపార్టుమెంట్లలో గడ్డి కొట్టే, ప్లాస్టిక్ తీగ తిరిగే మిషను కూడా అంతే.

సరే, చరిత్రలోకి వద్దాం. రోమన్ రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే ఒక యంత్రం గురించి రాశాడు. గాల్ దేశపు పెద్ద పొలాల్లో, అంచుకి పళ్లున్న పెట్టెని రెండు చక్రాల మీద పెట్టి పశువు చేత వెనకనుంచి తోయించేవాళ్లు. పళ్ల మధ్య చిక్కుకున్న వెన్నులు తెగి పెట్టెలో పడేవి. అలాంటి యంత్రాన్ని చెక్కిన రాయి ఒకటి 1958లో బెల్జియంలో బయటపడింది కూడా. అందులో కదిలే కత్తే లేదు, దువ్వెన మాత్రమే. తర్వాత ఆ ఆలోచన మరుగున పడిపోయింది.

మళ్లీ కథ నడిచింది 19వ శతాబ్దంలో. స్కాట్లాండ్‌లో ప్యాట్రిక్ బెల్ అనే కుర్రాడు, చదువుతున్నది మతబోధకుడి చదువు, తోటలో వాడే కత్తెరని చూసి, కత్తెరలని వరసగా పేర్చి 1828లో ఒక కోత యంత్రం నడిపించాడు. కత్తెరలో ఉన్న కిటుకేంటి? ఒక అంచు కోస్తుంటే రెండోది పట్టుకుంటుంది. బెల్ పేటెంటు తీసుకోలేదు, అందరికీ పనికిరావాలని వదిలేశాడు. ఇప్పటి భాషలో ఓపెన్ సోర్స్ అన్నమాట.

అట్లాంటిక్ అవతల ఇద్దరు తగులుకున్నారు. వర్జీనియాలో సైరస్ మెకార్మిక్ 1831లో తన యంత్రాన్ని పొలంలో నడిపి చూపించాడు, పేటెంటు మాత్రం 1834 జూన్‌లో వచ్చింది. ఈలోపు ఒబెడ్ హస్సీ 1833 డిసెంబరు 31న పేటెంటు కొట్టేశాడు. ఇక చూస్కోండి, ఇరవై ఏళ్ల కొట్లాట.

మెకార్మిక్ యంత్రంలో పంటని కత్తి మీదకి వంచే తిరుగుడు చక్రం, కోసే పంటని కొయ్యని పంట నుంచి విడదీసే పట్టీ, కోసింది పడే పీట, ఇవన్నీ బాగా కుదిరాయి. కానీ కత్తి మాత్రం హస్సీదే బాగుంది. ఒక పట్టీకి త్రికోణపు బ్లేడులు వరసగా బిగించి, గాడి తీసిన ఇనప వేళ్ల మధ్య అటూ ఇటూ ఆడించాడు. వేలు గడ్డిని పట్టుకుంటుంది, బ్లేడు కోస్తుంది. వచ్చిన చిక్కల్లా తడి గడ్డి, చెత్త ఆ గాడిలో ఇరుక్కుని కత్తి బిగుసుకుపోవడం. 1847లో హస్సీ ఆ వేలి గాడిని పైనుంచి తెరిచిపెట్టాడు. ఇరుక్కున్న చెత్త దానంతటదే బయటికి రాలిపోతుంది. ఇంత చిన్న మార్పే, కానీ ఆ రోజు శంషాబాద్ రోడ్డు మీద నేను చూసిన పట్టీ మూలం హస్సీ దగ్గరే ఉంది. బ్లేడుకీ బ్లేడుకీ మధ్య ఎడం ఇప్పటికీ చాలా మిషన్లలో మూడంగుళాలే, 76.2 మిల్లీమీటర్లు.

ఇంజనీరింగు గెలిచింది హస్సీ, మార్కెట్ గెలిచింది మెకార్మిక్. చికాగోలో ఫ్యాక్టరీ పెట్టి, రైతులకి వాయిదాల మీద అమ్మాడు. 1851లో లండన్ మహాప్రదర్శనకి తెస్తే, రథానికీ, తోపుడు బండికీ, ఎగిరే యంత్రానికీ పుట్టినట్టుందని టైమ్స్ పత్రిక ఎగతాళి చేసింది. పొలంలో నడిచాక అందరి నోళ్లూ మూతపడి, పెద్ద పతకం వచ్చింది. 1855లో మ్యానీ అనే పోటీదారు మీద మెకార్మిక్ వేసిన పేటెంటు కేసులో మ్యానీ తరఫున కుదిరిన వకీళ్లలో అబ్రహం లింకన్ ఒకడు. పెద్ద వకీళ్లు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి నోరు విప్పనివ్వలేదు, అది వేరే కథ. హస్సీ 1860లో, రైల్లో ఒక పిల్లకి మంచినీళ్లు తేవడానికి దిగి, కదులుతున్న రైలు కింద పడి చనిపోయాడు.

ఇంకో పేరు కూడా చెప్పాలి. మెకార్మిక్ యంత్రం తయారీలో జో ఆండర్సన్ అనే నల్లజాతి మనిషి పక్కనుండి పనిచేశాడు. ఆ కుటుంబానికి బానిస. పేటెంటులో అతని పేరు లేదు.

తర్వాతి నూటయాభై ఏళ్లూ ఎక్కువగా ఆ కత్తికి మెరుగులే. బ్లేడు అంచుకి రంపపు పళ్లు పెట్టారు, గడ్డి నున్నగా జారి ముందుకి తప్పించుకోకుండా. మన కమ్మరి కొడవలికి కక్కు కొట్టేది కూడా ఇందుకేగా! పైగా వరి గడ్డిలో సిలికా ఎక్కువ, నున్నటి అంచు తొందరగా మొద్దుబారుతుంది. రివెట్లతో బిగించిన బ్లేడుల బదులు బోల్టులు వచ్చాయి, దాంతో డ్రైవరు టీ చల్లారేలోపు బ్లేడు మార్చేస్తాడు. కత్తి ప్రతి దెబ్బకీ ఒకసారి ఆగి వెనక్కి తిరగాలి కదా, ఆ కుదుపుకి మిషనంతా అదిరేది. ఆ అదురు తగ్గించడానికి పాత తోపుడు కడ్డీ బదులు నూనెలో మునిగి ఆడే గేరు పెట్టెలు పెట్టారు. 1980లలో ఇంగ్లండులోని సిల్సో పరిశోధనా సంస్థలో అసలు కత్తే లేకుండా, తిరిగే దువ్వెనలతో గింజలు మాత్రం దువ్వుకునే నోరు తయారుచేశారు. షెల్‌బోర్న్ రెనాల్డ్స్ కంపెనీ దాన్ని అమ్మింది. ప్లినీ చూసిన దువ్వెన పంతొమ్మిది వందల ఏళ్ల తర్వాత మళ్లీ పొలంలోకి వచ్చింది!

మన దేశంలో తయారైన మొదటి స్వయంచాలిత కంబైన్ పంజాబ్ ట్రాక్టర్స్ వారి స్వరాజ్ 8100, 1980లో. అది గోధుమ నేలల బండి. మన బురద మళ్లలో టైరు దిగబడుతుంది, అందుకే చైన్ మిషన్లు వచ్చాయి. టైర్ మిషను కన్నా చైన్ మిషనుకి గంట కిరాయి ఎక్కువని మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.

అయితే ఇక్కడే నేననుకోని మలుపు ఒకటుంది. వేళ్లు ఎంత బాగున్నా, పడిపోయిన వరిని అవి పట్టుకోలేవు. పాత పొడుగు వరి రకాలు ఎరువేస్తే ఒరిగిపోయేవి. ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో రాజేంద్రనగర్ ఉంది కదా, అక్కడ 1965లో అఖిల భారత వరి పరిశోధనా పథకం మొదలైంది. ఆ పథకంలోంచి 1968లో జయ అనే పొట్టి వరి వచ్చింది. పొట్టి వరిని తెచ్చింది దిగుబడి కోసం, మిషను కోసం కాదు. కానీ గట్టి కాండంతో నిటారుగా నిలబడ్డ ఆ వరే తర్వాత మిషనుకి దారిచ్చింది. పట్టుకునే పని కొంత మొక్కే నేర్చుకుంది.

శనగ విషయంలో కావాలనే చేశారు. మామూలు శనగ మొక్క పొట్టిగా, పరుచుకుని, కాయలు నేలకి దగ్గరగా ఉంటుంది. కత్తిని అంత కిందకి దించితే మట్టీ రాళ్లూ నోట్లోకి వస్తాయి. నంద్యాల పరిశోధనా కేంద్రం వాళ్లు నిటారుగా పెరిగి, కాయలు పైన కాసే ఎన్‌బీఈజీ 47 అనే రకాన్ని తయారుచేశారు. 2010ల మధ్యలో విడుదలైంది. మన భాషలో చెప్పాలంటే, ఇంటర్‌ఫేస్ కుదరకపోతే ఎప్పుడూ ఒకవైపే ప్యాచ్‌లు వెయ్యక్కర్లేదు, రెండో వైపు కూడా మార్చొచ్చు. పత్తి దగ్గర మాత్రం ఈ కథ ఇంకా తెగలేదు. కాయలన్నీ ఒకేసారి పగలవు, అందుకే మన దగ్గర ఇప్పటికీ చేత్తోనే ఏరుతున్నారు.

ఇదంతా చదివేసి, ఓ శనివారం మా నాయనమ్మ దగ్గర కూర్చుని, మిషన్లొచ్చి కూలోళ్ల పొట్టకొట్టాయి కదా అని కాస్త జాలిగా అన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"నడుము నొప్పంటే నీకేం ఎరుక బిడ్డా. మిషనొచ్చిందని ఏడ్చినోళ్లు ఎన్నడూ వరి కోసినోళ్లు గాదు."

నాకు మాట రాలేదు. కాసేపాగి ఆవిడే అంది, "కాకపోతే పరిగె పోయింది."

పరిగె అంటే కోతయ్యాక మడిలో రాలిన వెన్నులు. భూమి లేని ముసలోళ్లూ, పిల్లలూ ఏరుకునేవాళ్లు, ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు. కోతకి కూలీ కూడా గింజల్లోనే వచ్చేది. మిషను వెనకాల కూడా గింజ రాలుతుంది, కానీ విడిగింజ, గడ్డి కింద పడి ఏరడానికి పనికిరాదు. ఇంకోటి, కత్తి కిందకి దించితే గడ్డి ఎక్కువ మింగి మిషను నెమ్మదిస్తుంది, గంటల కిరాయి పెరుగుతుంది. అందుకని పైకెత్తి కోస్తారు. మడిలో కొయ్యకాళ్లు మిగుల్తాయి, పశువులకి మేత తగ్గుతుంది, కొందరు కాల్చేస్తారు. కత్తి ఎంత ఎత్తులో ఉండాలో డ్రైవరు చేతిలోని ఒక లివరు తేలుస్తుంది.

ఎయిర్‌పోర్టు సుమారు 5,500 ఎకరాల్లో వచ్చింది, 2008 మార్చిలో తెరిచారు. మా ఊరి నుంచి కోతకి పోయే ఆడవాళ్ల కూతుళ్లు ఇప్పుడు అక్కడ యూనిఫాం వేసుకుని పనిచేస్తున్నారు. వాళ్లని కొడవలి పట్టమని ఎవరం అడుగుతాం? మిషను రావాల్సిందే, వచ్చింది, మంచిదే. కానీ రెండొందల ఏళ్లుగా ఇంజనీర్లు గడ్డి పోచ వంగిపోకుండా పట్టుకోవడానికి ఎంత బుర్ర పెట్టారో చదివాక, పరిగె ఏరుకునే ముసలమ్మ గురించి ఆ డిజైనులో ఎవరైనా ఒక లైను రాసుంటే బాగుండేదనిపించింది. ఈ మాట హస్సీకి చెప్పట్లేదు. ఆఫీసులో ఏ పని ఆటోమేట్ చేద్దామా అని సోమవారం పొద్దున్నే మీటింగులు పెట్టుకునే నాకూ, మీకూ చెప్తున్నాను.

విరిగిన ఆ ఇనప వేలు డ్రైవరు నాకే ఇచ్చేశాడు. ఆఫీసు టేబుల్ మీద పెట్టుకున్నా. ఇదేంటని అడిగినవాళ్లకి ఎడమ చెయ్యి అని చెప్తున్నా. ఎవరికీ అర్థం కావట్లేదు. అందుకే ఈ టపా.