బంకలో ఉన్నోళ్ళు

చేతివృత్తుల పాఠంలో వడ్రంగి ఉంటాడు. అతని చెక్కలు అంటించిన బంక ఎవరి చేతుల్లోంచి వచ్చిందో ఉండదు. నేను బళ్ళో చెప్పే పాఠమే అది.

మా ఊరి కరణంగారి సొరుగుల బీరువా పాతసామాన్ల కొట్లో దొరికింది. టేకుది. 1984లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం కరణాల వ్యవస్థ రద్దు చేసేదాకా ఊరి భూముల లెక్కలు అందులోనే ఉండేవి. ఆ లెక్కల్లో మా తాత పేర సెంటు లేదు. ఆ ఇంటి గడప ఆయన్ని తొక్కనివ్వలేదు.

వేసవి సెలవుల్లో విప్పుదామని కూచున్నా. సొరుగు మూలలు వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు కలిపారు. సుత్తితో కొడితే చెక్క చీలుద్ది. వేడినీళ్ళ గుడ్డ చుట్టి ఉంచితే పాతబంక మెత్తబడి తనే వదుల్తుంది. 1959లో వచ్చిన ఫెవికాల్ అంత తేలిగ్గా వదలదు. ఆవిరితోపాటు వాసన లేచింది. మంచం మీంచే నాయనమ్మ "ఒరే, తోలు ఉడికిన వాసనరా" అంది. తోలుముక్కలు, ఎముకలు ఉడకబెట్టి చేసేదే ఆ బంక. చచ్చిన గొడ్డును మోసి, తోలు ఒలిచింది మావాళ్ళు. మమ్మల్ని అంటు అన్నోళ్ళు ఆ బంక పెట్టిన బీరువాలోనే దస్తరాలు దాచుకున్నారు. బంకకి మడి అడ్డం రాలేదు మరి!

ఉలితో పాతబంక గీకా. అరిగిన పట్టీల చోట కొత్త టేకు బద్దలు చిత్రిక పట్టి వేశా. పైచెక్కకు మాత్రం చిత్రిక పట్టలేదు, సిరామరకలు పోతాయని. అవి ఉండాలి. అంచులకి కొవ్వొత్తి రుద్దితే సొరుగులు సాఫీగా జరుగుతున్నాయి. పై సొరుగులో నా డిగ్రీ పట్టా, నాయనమ్మ రేషన్ కార్డు పెట్టాం. కింది సొరుగు మాత్రం వానాకాలంలో చెక్క ఉబ్బి ఇంకా బిగుస్తోంది.