భట్టిప్రోలు దిబ్బ చెప్పిన పాఠము



తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుదారిలో భట్టిప్రోలను గ్రామము కలదు. 2022వ సంవత్సరము నుండి అది బాపట్ల జిల్లాలోనిది. అచ్చటి స్తూపపు దిబ్బను మీలో పెక్కురు చూచియే యుందురు. ఒక వస్తువు వేయేండ్లు నిలువగా వేరొక వస్తువు నాలుగేండ్లకే యేల నశించునను ప్రశ్న పదార్థశాస్త్రమునకు మూలము. ఆ ప్రశ్నను నాకు నేర్పినది ఈ దిబ్బయే.

1892వ సంవత్సరమున పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రీ దొర దీనిని త్రవ్వించెను. అడుగున 148 అడుగుల వ్యాసముగల ఇటుక స్తూపము బయల్పడెను. దాని గర్భమున రాతి పేటికలు మూడు, వానిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూవులు, ముత్యములు దొరకెను. పేటికలపై ప్రాకృతభాషలో శాసనములున్నవి. కుబిరకుడను రాజు పేరు వానిలో కలదు. బ్యూలరు పండితుడు 1894లో ప్రకటించిన ఆ శాసనములు క్రీస్తుకు పూర్వము 3వ లేక 2వ శతాబ్దివని విద్వాంసుల మతము.

మన తార్కికులు ద్రవ్యములను తొమ్మిదిగా విభజించిరి. సువర్ణమును వారు పృథివిలో చేర్పక తైజసమనిరి. ఎంత కాల్చినను దాని ద్రవత్వము చెడదనుటయే వారి హేతువు. అగ్నిలో వస్తువు నడవడిని చూచి దాని జాతిని నిర్ణయించుట మంచి పద్ధతియే. నేటి శాస్త్రజ్ఞులు ఇంకను లోపలికి పోయి, అణువులు ఒకదానినొకటి యెట్లు పట్టుకొనియున్నవో చూచి, మనము వాడు పదార్థములను ముఖ్యముగా నాలుగు తరగతులు చేసిరి.

మొదటిది లోహములు. వీనిలో పరమాణువులు వరుసలు దీరియుండును; వాని నడుమ ఎలక్ట్రానులు స్వేచ్ఛగా తిరుగును. అందుచేతనే సుత్తిదెబ్బకు వరుసలు జరుగునే కాని పగులవు. కంసాలి బంగారమును పూరేకుగా సాగగొట్టగలుగును. ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి తుప్పగును. రాగిచెంబు చిలుము పట్టును. బంగారము మాత్రము ఆ వాయువును దరిజేరనీయదు. ఇరువది శతాబ్దులు దాటినను ఆ పూవులు వన్నె చెడకుండుటకు ఇదియే కారణము.

రెండవది రాయి, ఇటుక, పింగాణి, గాజు మొదలగువాని జాతి. వీనిలో అణువుల పట్టు మిక్కిలి గట్టిది; కాని జరుగుబాటు లేదు. కావున బరువును మోయును, లాగిన విరుగును. ఉక్కు కత్తితో స్ఫటికముపై గీత పడదు. అట్టి స్ఫటికమును భరిణెగా తొలిచిన పనివాని యోర్పు ఎంతటిదో యోచింపుడు! ఇటుక కథ మరియు చిత్రమైనది. పచ్చి ఇటుక వానకు కరగిపోవును. ఆవములో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాలినప్పుడు బంకమన్నులో బంధింపబడిన నీరు వెడలి రేణువులు ఒండొంటితో అతుకుకొనును. అటుపిమ్మట అది మరల మన్ను కానేరదు.

మూడవది పొడవైన గొలుసులవంటి అణువులుగల పదార్థములు. కఱ్ఱ, నూలు, జనుము, తాటియాకు సృష్టి యిచ్చినవి. 1907లో బేక్లాండు కనిపెట్టిన బేకలైటు, 1935లో కరోదర్సు కనిపెట్టిన నైలాను మనుష్యుడు చేసినవి. స్తూపము కట్టినవారు తాటియాకులపై వ్రాసియుండిన, ఆ వ్రాత చెదలకు, సూక్ష్మజీవులకు ఆహారమైపోయెడిది. రాతిపై చెక్కిరి గనుకనే అక్షరములు మనకు దక్కినవి. నిజాంపట్నపు జాలరుల నైలాను వలలు పాత నూలు వలలవలె కుళ్లవు. కుళ్లకపోవుటచేతనే, తెగి పారవేసిన వల సముద్రమునకు బెడదయైనది.

నాలుగవది రెండు జాతుల కలయిక. మట్టిగోడలో వరిగడ్డి కలిపిన మన తాతలు దీని నెరిగినవారే. మట్టి బరువు మోయును, గడ్డి పగులు సాగనీయదు. నేటి కాంక్రీటులో ఉక్కు చువ్వ గడ్డివంటిది. అయితే మన తీరగ్రామములలో ఒక హెచ్చరిక అవసరము. ఉప్పు ఇసుకతోగాని ఉప్పునీటితోగాని కాంక్రీటు కలిపినచో లోపలి చువ్వ తుప్పుపట్టును. ఇనుముకంటె తుప్పునకు రెండింతలకు పైగా చోటు కావలెను. ఆ యుబ్బుడుకు కాంక్రీటు చీలి పెచ్చులూడును. పైపూతలెన్ని పూసినను లోనున్న రోగము పోదు.

ఇక నా మాట యొకటి చెప్పి విరమింతును. నా చిన్నతనమున మా పెరటి నూతికడ మూరెడు పొడవు, అడుగు వెడల్పు గల పాతయిటుక యుండెడిది. మా నాయనమ్మ దానిపై బట్టలుతికెడిది. నేను దానిపై నిలిచి స్నానము చేసెడివాడను. ఉపాధ్యాయుడనై పిల్లలను దిబ్బకు తీసికొని పోయిన దినమున అచ్చటి ఇటుకలను చూచి నిశ్చేష్టుడనైతిని. కొలత అదియే, వన్నె అదియే. ఒక విద్యార్థి, "మాస్టారూ, ఇంత గట్టి స్తూపాన్ని ఏ గాలివాన కూల్చిందండీ?" అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. 19వ శతాబ్దిలో దీని యిటుకలు బాటలకును, పాలరాళ్లు వెల్లటూరి కాలువ కట్టడమునకును తరలిపోయెను. మిగిలినవానిలో ఒకటి మా పెరటికి చేరెను. గాలివాన చేయలేని పనిని మనుష్యులు చేసిరి. వారిలో మావారును ఉండిరి.

మరునాడే ఆ యిటుకను బండిలో వేసికొని పోయి స్తూపపు కాపలావారికి అప్పగించితిని. వారు దానిని గోడవారగా నుంచిరి. దానివలన కూలిన స్తూపము లేవలేదు. నా మనస్సులోని బరువు మాత్రము కొంత దిగెను. మీ పెరళ్లలో, పశువుల కొట్టములలో అట్టి ఇటుక, చెక్కడపు రాయి ఉన్నవేమో ఒకసారి చూడుడు. ఉన్నచో పిల్లల చేతనే అచ్చటికి చేర్పింపుడు. అట్లు మోసిన పిల్లవాడు దిబ్బపై పార వేయడు. సెలవు.