కట్టు విప్పకుండానే గాయం కబురు

1865 ఆగస్టు 12. గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో పదకొండేళ్ల జేమ్స్ గ్రీన్‌లీస్‌ను చేర్చారు. బండి చక్రం కాలి మీదుగా పోయింది. ఎముక విరిగి, చర్మం చీలింది. ఆ రోజుల్లో అలాంటి గాయానికి చీము పట్టిందంటే కాలైనా పోవాలి, ప్రాణమైనా పోవాలి. సర్జన్ జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డ వేసి కట్టు కట్టాడు. నాలుగు రోజుల తర్వాత విప్పి చూస్తే చీము లేదు, కుళ్లు వాసన లేదు. మందు ఘాటుకు గాయం చుట్టూ చర్మం మాత్రం ఎర్రగా కందింది. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది.

అలా కందడంలోనే తర్వాతి నూరేళ్ల చిక్కంతా ఉంది. క్రిమిని చంపే మందు కొత్త కణాలనూ బతకనివ్వదు. పోనీ, క్రిమినైనా పూర్తిగా చంపుతుందా? మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లోని బులోన్‌లో సైనికుల గాయాలు చూసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక గాజు గొట్టాన్ని కాల్చి, దాని గోడలను బోలు ముళ్లలా సాగదీశాడు. తూటా ముక్కలు చీల్చిన గాయానికి అది నమూనా. క్రిములున్న ద్రవం పోసి, ఒంపేసి, క్రిమినాశినితో నింపాడు. అదీ పారబోసి శుభ్రమైన ద్రవం పోస్తే క్రిములు మళ్లీ పుట్టుకొచ్చాయి! ఆ మూలల్లోకి మందు చేరనే లేదు. ఎంత పోశామన్నది కాదు, ఎక్కడికి చేరిందన్నదే ముఖ్యమని ఇంత తేటగా చూపిన ప్రయోగం నాకు మరొకటి కనబడదు.

గాలి తగిలి ఆరితేనే పుండు మానుతుందన్న నమ్మకాన్ని 1962లో శాస్త్రవేత్త జార్జ్ వింటర్ కదిలించాడు. పందుల చర్మంపై పాలిథీన్ పొర కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం రెట్టింపు వేగంతో పరచుకుంది.

ఇప్పుడు కట్టే గాయాన్ని కనిపెట్టుకుని ఉండే కాలం వస్తోంది. ఆరోగ్యకరమైన చర్మానికి ఆమ్లగుణం ఉంటుంది. మానని, చీము పట్టిన పుండు క్షారం వైపు మొగ్గుతుంది. ఆ తేడా తగిలినప్పుడే మందు వదిలే హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే జెల్) పొరలు తయారవుతున్నాయి. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో టోబీ జెంకిన్స్ బృందం కట్టులో సన్నని రంగు బుడగలు పొదిగింది. హానికర బ్యాక్టీరియా విషం వాటిని పగలగొడితే, అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరుస్తాయి. కాలిన గాయాలతో జ్వరపడిన పసివాడికి కట్టు విప్పి నరకం చూపించక్కర్లేదు, మెరుపు లేకపోతే ఎందుకైనా మంచిదని యాంటీబయాటిక్ ఎక్కించక్కర్లేదు.

ఇవి చాలావరకు ప్రయోగశాలలు దాటలేదు. అయితే ఇలాంటి పొరలకు వాడే కైటోసాన్‌ను రొయ్యల పొట్టు నుంచి తీస్తారు. రొయ్యల సాగులో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ముడిసరుకు మన ముంగిట్లోనే ఉంది కాబట్టి, సర్కారు దవాఖానాలో షుగరు పుండుతో పడి ఉన్న రోగికి అందే ధరలో ఈ కట్టు తయారుచేసే పూనిక మన విశ్వవిద్యాలయాలు, మందుల కంపెనీలు ఇప్పుడే చేపట్టాలి.