కాలేయ వ్యాధిగ్రస్తుల్లో ఎముకల గుల్లబారుడు

కాలేయం దీర్ఘకాలంగా దెబ్బతిన్నవారిలో ఎముకలు పలచబడి, చిన్నపాటి తాకిడికే విరిగే స్థితికి చేరతాయి. కాలేయ వ్యాధి వల్ల వచ్చే ఎముక లోపాలన్నిటినీ కలిపి హెపాటిక్ ఆస్టియోడిస్ట్రఫీ అంటారు. వీటిలో ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడమే ఎక్కువ. ఎముక మెత్తబడే ఆస్టియోమలేసియా అరుదు. పొట్టలో నీరు, రక్తపు వాంతులు, మగత వంటి ప్రాణాంతక సమస్యల నడుమ ఎముకల ఊసు ఎవరికీ గుర్తుండదు. పైగా వెన్నుపూసలు చాలాసార్లు నొప్పి తెలియకుండానే కుంగిపోతాయి. ఎత్తు తగ్గడం, నడుము వంగడం చూశాకే అనుమానం వస్తుంది.

లివర్ చెడితే విటమిన్ డి తయారు కాదని, అందుకే ఎముకలు పాడవుతాయని చాలామంది అనుకుంటారు. ఇది సగం నిజమే. విటమిన్ డి మొదటి మార్పు కాలేయంలోనే జరిగినా, వ్యాధి బాగా ముదిరేదాకా ఆ పని సాగుతూనే ఉంటుంది. ఎండ తగలకపోవడం, తిండి తగ్గడం, పేగుల్లోకి పైత్యరసం చాలినంత చేరక కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటబట్టకపోవడం ఈ లోపానికి ప్రధాన కారణాలు. ఇక అసలు దెబ్బ కొత్త ఎముకను కట్టే కణాల మీద పడుతుంది. రక్తంలో పెరిగిన బిలిరుబిన్, మద్యం, కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1 అనే హార్మోను తగ్గడం ఆ కణాలను నీరసింపజేస్తాయి. నడివయసు స్త్రీలలో ఎక్కువగా కనిపించే ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్‌లో, స్టిరాయిడ్లు వాడే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో ముప్పు ఎక్కువ. హెపటైటిస్ బికి ఇచ్చే టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ కూడా ఎముక సాంద్రతను తగ్గిస్తుంది. ఎముకలు ముందే బలహీనంగా ఉన్నవారికి ఎంటెకావిర్, టెనోఫోవిర్ అలాఫెనమైడ్ వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి.

నిర్ధారణకు ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ చేస్తారు. టి-స్కోరు -2.5 లేదా అంతకు తక్కువైతే ఆస్టియోపోరోసిస్. పొట్టలో నీరున్నప్పుడు నడుము దగ్గరి కొలత తారుమారు కావచ్చు కనుక తుంటి కొలత మేలు.

చికిత్సకు పునాది ఆహారం. పాతకాలపు పథ్యం పేరుతో సిరోసిస్ (కాలేయం గట్టిపడిపోయే వ్యాధి) రోగికి పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించడం కండరాన్నీ ఎముకనూ కలిపి దెబ్బతీస్తుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆహారం, మాత్రలు కలిపి రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. 100 గ్రాముల రాగుల్లోనే దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. విటమిన్ డి లోపాన్ని రక్తపరీక్ష చూసి సరిచేస్తారు. మద్యం, పొగ పూర్తిగా మానాలి.

ఎముకలు విరిగినవారికి, సాంద్రత బాగా పడిపోయినవారికి ఎముక అరుగుదలను తగ్గించే బిస్ఫాస్ఫొనేట్లు ఇస్తారు. వారానికోసారి వేసే 70 మిల్లీగ్రాముల అలెండ్రొనేట్ మాత్రను పరగడుపున గ్లాసెడు నీళ్లతో మింగి అరగంట పడుకోకుండా ఉండాలి. సిరోసిస్‌లో చిక్కంతా ఇక్కడే. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నవారికి ఆ మాత్ర గోడలను ఒరుసుకుంటే రక్తస్రావం కావచ్చు. అందుకే ఎండోస్కోపీలో ఉబ్బిన నాళాలు కనిపిస్తే నోటి మాత్ర బదులు ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ ఆమ్లం వైపు మొగ్గుతారు. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి అది పనికిరాదు. ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే డెనోసుమాబ్ మరో దారి. అయితే దాన్ని మధ్యలో ఆపేస్తే ఎముక వేగంగా అరిగి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఈ ఇంజెక్షన్లలో ఏది మొదలుపెట్టినా ముందు విటమిన్ డి లోపం తీర్చాలి, లేకుంటే రక్తంలో కాల్షియం పడిపోతుంది.

కాలేయ మార్పిడి తరువాత తొలి ఆరు నెలల్లో స్టిరాయిడ్ల వల్ల ఎముక నష్టం ఉధృతమవుతుంది, ఆపై క్రమంగా కోలుకుంటుంది. కాబట్టి మార్పిడికి ముందే స్కాన్ చేయిస్తారు.

విరిగినప్పుడు నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సిరోసిస్ రోగికి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. సాధారణంగా పారాసెటమాల్‌నే, అదీ రోజుకు 2 గ్రాములు మించకుండా, వైద్యుడిని అడిగి వాడతారు. నిద్రమాత్రలు మగతను పెంచి మళ్లీ పడిపోయేలా చేస్తాయి.