తోలు సంచి ఒక చారిత్రక ఆధారం: ఇరొక్వాయ్ స్త్రీల పూసల పని

ఒప్పందాలు, యుద్ధాల ద్వారా ఇరొక్వాయ్‌ల చరిత్ర చదివినప్పుడు మీకు ఎక్కువగా పురుషులు రాసిన పత్రాలే ఎదురవుతాయి. ఈ భాగంలో స్త్రీలు మిగిల్చిన ఒక ఆధారాన్ని పరిశీలిద్దాం. అది చిన్న తోలు సంచి.

'ఇరొక్వాయ్' అన్నది ఇతరులు పెట్టిన పేరు. వారు తమను హోదెనోషోనీ, అంటే పొడవింటి ప్రజలు అని చెప్పుకుంటారు. నేటి న్యూయార్క్ రాష్ట్ర ప్రాంతంలో మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా జాతులు ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. 18వ శతాబ్ది తొలి దశకాల్లో టస్కరోరాలు వచ్చి చేరారు. వంశాన్ని తల్లి వైపు నుంచి లెక్కించే సమాజం ఇది. తోళ్లను పదును చేయడం, కుట్టడం స్త్రీల పని.

ఆ పనిలోని శ్రమను గమనించండి. జింక చర్మం మీది వెంట్రుకలను గీకి తీసేవారు. జంతువు మెదడును నీటిలో కలిపి చర్మానికి పట్టించి, అది ఆరేదాకా గుంజుతూ, సాగదీస్తూ ఉండేవారు. మధ్యలో ఆపితే తోలు అట్టలా బిగుసుకుపోతుంది. తర్వాత పొగ పట్టిస్తే, తడిసి ఆరినా మెత్తదనం పోదు. 18వ శతాబ్దపు సంచుల్లో కొన్నింటి తోలుకు నల్లరంగు వేశారు. దానిపై రంగులద్దిన ముళ్లపంది ముళ్లను, మూస్ అనే పెద్ద దుప్పి వెంట్రుకలను కుట్టారు. ముళ్లను ముందుగా నానబెట్టి, మెత్తబరచి, చదును చేయాలి.

బొచ్చుతోళ్ల వ్యాపారంలో ఐరోపా గాజుపూసలు రాగానే ఈ పని మాయమైందనుకోవద్దు. ఒకే సంచి మీద ముళ్ల కుట్టు, అంచున తెల్లపూసల వరుస కలిసి కనిపిస్తాయి. పూసలు వారికి కొత్త కూడా కాదు. గవ్వపెంకుతో చేసిన వాంపమ్ పూసలు అప్పటికే ఉన్నాయి. అంచుల్లోని అర్ధవృత్తాలను ఆకాశ గోపురాలుగా ఆర్థర్ పార్కర్ 1912లో వివరించాడు. వివరణ బాగానే ఉంది కాని, ప్రతి వంపుకూ అదే అర్థం అంటగట్టడం తొందరపాటు.

1779లో వాషింగ్టన్ ఆదేశంతో సల్లివాన్ సైన్యం ఇరొక్వాయ్ గ్రామాలను, మొక్కజొన్న చేలను తగలబెట్టింది. ఆ తర్వాత భూములు పోయాయి, వేట తగ్గింది. 19వ శతాబ్దిలో తోలు స్థానంలో మఖమల్ గుడ్డ వచ్చింది. నయాగరా జలపాతం చూడవచ్చిన యాత్రికులకు టస్కరోరా స్త్రీలు పూసల సంచులు అమ్మి ఇల్లు గడుపుకున్నారు. వీటిని యాత్రికుల సరుకు అని చాలాకాలం చిన్నచూపు చూశారు. ఆ మాట సరికాదని ఈ రచయిత అభిప్రాయం. కొనేవారి కోసం వస్తువు మారింది. సూది పట్టిన చెయ్యి ఆ స్త్రీలదే.

లూయీ హెన్రీ మోర్గాన్ న్యూయార్క్ రాష్ట్రం కోసం సేకరించిన వస్తువుల ద్వారా కరొలైన్ పార్కర్ అనే సెనెకా యువతి పేరు మనకు తెలిసింది. మిగిలిన సంచుల్లో చాలావాటి పక్కన సేకర్త పేరు ఉంటుంది, కుట్టినామె పేరు ఉండదు.